తొమ్మిది దగ్గర ఆగిన ఊహ

సూళ్లూరుపేటలో ఇల్లు కట్టుకొని, గణితంలో పనిచేసి రిటైరయ్యానని చెబితే ఎవరైనా ఒక్కటే అనుకుంటారు. శ్రీహరికోట నుంచి రాకెట్ సరిగ్గా వెళ్ళిన రోజు మందుల షాపతను నాకు అభినందనలు చెబుతాడు. ఒకసారి ప్రయోగం వాయిదా పడితే పాలాయన ఓదార్చాడు. మొదట్లో, నాకూ ఆ రాకెట్లకూ సంబంధం లేదని వివరించేవాణ్ణి. అది వినయం అనుకున్నారు. ఇప్పుడు వివరించడం మానేశాను.

నేను చేసింది సంఖ్యా సిద్ధాంతం. అందులోనూ ఒక మూల, పెద్దగా ఎవరూ తిరగని చోట, ముప్పై ఏళ్ళకు పైగా కూర్చున్నాను. దానివల్ల ఇప్పటిదాకా ఏ వస్తువూ పైకి వెళ్ళలేదు.

ఈ మధ్య పరిశోధనలో చేరాలనుకునే పిల్లలు ఇద్దరు ఇంటికొచ్చి, ఈ పని నిజంగా ఎలా ఉంటుందని అడిగారు. ప్రమోషన్ల గురించీ ఫైళ్ళ గురించీ చెప్పడానికి చాలామంది ఉన్నారు, వాళ్ళు ఉత్సాహంగా కూడా చెబుతారు. నేను నా తప్పొకటి చెబుతాను. చేసింది నేను. మోసింది మాత్రం నా విద్యార్థిని.

పని ఏమిటంటే

ఫలానా సంఖ్యను ఏడుతో భాగిస్తే శేషం ఎంత అని మూడో తరగతిలో అడుగుతారు. మా పనీ అదే. మూడో తరగతి పుస్తకంలో జవాబులు చివర ఉంటాయి, మాకు ఉండవు.

ఇంకొంచెం చెప్పాలంటే, మేము సంఖ్యను సంఖ్యలా ఉండనివ్వం. మధ్యలో క్యూ అనే అక్షరం దూర్చి విడదీస్తాం. మాకు మూడు అంటే ఒకటి, క్యూ, క్యూ వర్గం, ఈ మూడూ కలిపిన మొత్తం. ఐదు అంటే అలాంటివి వరసగా ఐదు. క్యూ బదులు ఒకటి పెడితే మళ్ళీ మామూలు మూడు, మామూలు ఐదు వచ్చేస్తాయి. ఇలాంటి వాటిని గుణించి, భాగించి, ఒక వరసలో పేర్చిన భిన్నాలను కూడితే వచ్చేవాటిని బేసిక్ హైపర్‌జియోమెట్రిక్ మొత్తాలు అంటారు. పేరులో బేసిక్ అని ఉంది గదా అని చేరినవాళ్ళను ఇద్దరిని చూశాను. ఇద్దరూ ఇప్పుడు బ్యాంకుల్లో బాగున్నారు.

ఈ మొత్తాలకు ఒక వింత గుణం ఉంది. మూడు పదాలు కూడి మూడు తాలూకు క్యూ రూపంతో, ఐదు పదాలు కూడి ఐదు తాలూకు క్యూ రూపంతో భాగిస్తే ఒక్కోసారి శేషం సున్నా వస్తుంది. రావడానికి పైకి ఏ కారణమూ కనబడదు. ప్రతి సంఖ్యకూ వస్తుందా అన్నది తెలియదు. వస్తుందని నమ్మి, నిరూపించలేక, అచ్చులో పెట్టే మాటను కంజెక్చర్ అంటాం. తెలుగులో ఊహ. మా రంగంలో ఇప్పటికీ తేలని ఊహలు చాలా ఉన్నాయి. కొన్ని ఒక పేజీలో తేలిపోతాయి. కొన్ని మనిషి రిటైరయ్యేదాకా కదలవు. చూడడానికి రెండు రకాలూ ఒకేలా ఉంటాయి.

మా అన్న పెంచలయ్య చిట్టమూరు దగ్గర ఉంటాడు. మా నాన్న వరి పండించిన నేలను రొయ్యల గుంటలుగా మార్చాడు. ఒక ఏడు ఆయన దగ్గరికి వెళితే, పంచెతో చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"ఏం అబ్బయ్యా, ఇంతకాలం కూర్చొని భాగారాలు చేస్తాండావే, చివరికి ఏం మిగిలింది?"

"సున్నా" అన్నాను. అది శుభవార్త అని ఆయనకు చెప్పడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది.

నా గైడ్

నా గైడ్ తక్కువ మాట్లాడే మనిషి. మంచివాడని ఆయన్ను ఎవరూ అనలేదు. చెడ్డవాడని అనేంత చనువు ఎవరికీ ఇవ్వలేదు.

నేను చేరిన రెండో నెలలో ఒక కాగితం మీద ఒకే ఒక్క వాక్యం రాసిచ్చి, నిరూపించుకు రమ్మన్నాడు. పదిహేను రోజుల్లో నాలుగు పేజీలు తీసుకెళ్ళాను. ఆయన మొదటి నుంచి చివరిదాకా చదివి, దస్తూరి బాగుందన్నాడు. తర్వాత, ఆ వాక్యం తప్పనీ, ప్లస్ ఉండాల్సిన చోట తనే మైనస్ పెట్టి ఇచ్చాననీ, నా నిరూపణ ఎక్కడ అబద్ధమాడిందో కనుక్కొని రమ్మనీ చెప్పాడు.

కనుక్కోవడానికి నెల పట్టింది. మూడో పేజీ మధ్యలో "సులభంగా చూడవచ్చు" అని రాసిన చోట దొరికింది. నేను అక్కడ చూడనేలేదు, సులభంగా గానీ కష్టంగా గానీ.

ఆ నెలాఖరున ఆయన అన్న మాట ఇది. "కాదు అని చెప్పడం చేతగాని పరీక్ష పరీక్ష కాదయ్యా. ముందు తెలిసిన తప్పొకటి దానికి పెట్టు. అది కాదనాలి. అప్పుడు నీది పెట్టు."

ఇంత మంచి మాట మరిచిపోకూడదని నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. తర్వాత నోటుబుక్కు మార్చాను.

మూడు, ఐదు, ఏడు

నాకు యాభై దగ్గర పడుతుండగా ఒక ఊహ తట్టింది. ఒక ప్రత్యేకమైన మొత్తం, అందులో ఏ బేసి సంఖ్య తీసుకున్నా, అన్నే పదాలు కూడి ఆ సంఖ్య క్యూ రూపంతో భాగిస్తే శేషం సున్నా. చెప్పడానికి ఒక వరస. చూడడానికి అందంగా కూడా ఉంటుంది. అందం విషయంలో మా వాళ్ళు పెళ్ళిచూపులకు వెళ్ళినవాళ్ళ కంటే తొందరపడతారు.

మూడుకు చేత్తో చేశాను, అరగంట పట్టింది. ఐదుకు ఒక ఆదివారం. ఏడుకు మూడు రోజులు, ఇరవై రెండు పేజీలు. మూడింటికీ శేషం సున్నా. తొమ్మిదికి వారం పైన పడుతుందని అంచనా వేసి, చెయ్యి ఆపి, ప్రోగ్రాం రాశాను. అది నూట తొంభై తొమ్మిది దాకా ప్రతి బేసి సంఖ్యకూ సరే అంది. పేపరు రాసి, చివర "నూట తొంభై తొమ్మిది వరకు సరిచూడబడింది" అని పెట్టాను. ఎవరు సరిచూశారో రాయలేదు. మా వృత్తిలో రాయరు.

మూడు, ఐదు, ఏడు. మూడూ బేసి సంఖ్యలే. మూడూ ప్రధాన సంఖ్యలు కూడా. అంటే ఒకటీ, తానూ తప్ప మరే సంఖ్యతోనూ తెగనివి. ఈ రెండో సంగతి ఆ రోజు నాకు తోచలేదు. ప్రధాన సంఖ్య అంటే తెలియక కాదు. అప్పటికి ఇరవై ఏళ్ళుగా జీతం తీసుకుంటున్నది దాని గురించి చెప్పడానికే.

ఆ ఏడే పెంచలయ్యకు ఒక దెబ్బ తగిలింది. రొయ్యలు పట్టేముందు కౌంట్ చూస్తారు, అంటే కేజీకి ఎన్ని తూగుతాయో. తక్కువ తూగితే రొయ్య పెద్దదన్నమాట. కొనేవాడి ముందు మా అన్న గట్టు మీద నిలబడి వల విసిరాడు, కౌంట్ నలభై వచ్చింది. తీరా గుంటంతా పట్టి చూస్తే అరవై దగ్గర తేలింది. కొనేవాడు గొడవపెట్టుకొని వెళ్ళిపోయాడు.

"మేత పడే కాడ ఇసిరినా అబ్బయ్యా" అన్నాడు అన్న. "ఆడ బలిసినయ్యే చేరతాయి గదా. గుంటంతా అయ్యే ఉండాయి అనుకున్నా."

చదువుకున్నవాణ్ణి కాబట్టి, ఒకే చోట చూసి మొత్తానికి తీర్పు చెప్పకూడదని ఆయనకు వివరంగా బోధించాను. ఆయన చివరిదాకా విని, సరే అన్నం తిను అన్నాడు. నా పేపరు అప్పటికి అచ్చులో ఉంది.

సుగుణ

సుగుణది జువ్వలదిన్నె. వాళ్ళ నాన్నకు ఒక పడవలో భాగం ఉంది. ఆ ఊళ్ళో చదువుకున్న ఆడపిల్లలు చాలామందే ఉన్నారు. సంఖ్యా సిద్ధాంతంలో పరిశోధనకు వచ్చింది మాత్రం ఈమె ఒక్కతే, అదీ ఎవరూ వద్దని చెప్పనందువల్ల.

నా దగ్గర చేరగానే నా ఊహను ఆమెకు ఇచ్చాను. ఇలా ఇవ్వడాన్ని మా వృత్తిలో వాత్సల్యం అంటారు. మనకు చేతగానిది తీసి పిల్లల చేతిలో పెడతాం.

చేరిన మూడో నెలలో ఆమె నా గదికి వచ్చి నిలబడింది.

"సార్, తొమ్మిదికి ఒకసారి చేత్తో చేసి చూస్తా. దాని వాటం తెలస్తాది."

"నూట తొంభై తొమ్మిది దాకా మిషను చూసిందమ్మా. నీ చెయ్యి తొమ్మిది చూసి కొత్తగా చెప్పేదేంది? నిరూపణ మీద కూర్చో."

సరే సార్ అంది. తర్వాత మూడేళ్ళు మళ్ళీ అడగలేదు. పిల్లలు ఒకసారే అడుగుతారు. ఈ మాట పరిశోధనలో చేరబోయేవాళ్ళ కోసం రాయడం లేదు, రేపు గైడ్లు కాబోయేవాళ్ళ కోసం రాస్తున్నాను.

ఆ మూడేళ్ళలో ఆమె నాలుగు దారుల్లో నిరూపణ మొదలుపెట్టింది. నాలుగూ సగం దాకా చక్కగా నడిచేవి. సగం దగ్గర ఆగిపోయేవి. నేను ఆమెకు ఇంకా పుస్తకాలు ఇచ్చాను. పద్ధతులు సరిగ్గా రాలేదన్నాను. ఒకరోజు, మనసు పెట్టి కూర్చోవడం లేదని కూడా అన్నాను. మర్నాడు నాకంటే ముందు వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ప్రతిరోజూ అలాగే వచ్చింది.

అప్పటికే గడువు అయిపోయి, ఒక పొడిగింపు తీసుకున్నాం. రెండో పొడిగింపు ఇవ్వరు. సిద్ధాంత గ్రంథం ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, అన్నేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే. వాళ్ళింట్లో ఇంకెన్నాళ్ళు అని అడగడం కూడా మానేశారని ఒకసారి నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు నాకు బాగోలేదు, అయినా ఆమెకు ఇంకో పుస్తకమే ఇచ్చాను.

వేట లేని రోజులు

ఏప్రిల్ మధ్యలో సముద్రం మీద వేట నిషేధం మొదలవుతుంది. రెండు నెలలు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. కొన్నాళ్ళు ఇంటికి వెళ్ళొస్తానని సుగుణ అడిగితే వెళ్ళమన్నాను. గడువుకు ఇంకా ఎనిమిది నెలలు ఉంది.

ఇంట్లో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. పొద్దున్నే వాళ్ళ నాన్న పందిట్లో వల ముందేసుకొని చిరుగులు అల్లుతుంటే, ఆమె పక్కనే పొడుగు నోటుబుక్కు పెట్టుకొని కూర్చునేదట. నాకు చెప్పకుండా తొమ్మిది మొదలుపెట్టింది. ఒకసారి చేసింది, శేషం మిగిలింది. గుర్తు ఎక్కడో తప్పిందనుకొని రెండోసారి చేసింది. మూడోసారి చివరి పదం నుంచి వెనక్కి చేసుకుంటూ వచ్చింది. మొత్తం ఇరవై ఐదు రోజులు. మధ్యలో ఒకరోజు వాళ్ళ నాన్న వల పక్కన పెట్టి, సదువుకుంటాండావా ఏడస్తాండావా అని అడిగాడట. రెండూ అని చెప్పిందట.

ఇరవై ఆరో రోజు బస్సెక్కి డిపార్ట్‌మెంటుకు వచ్చింది. నోటుబుక్కు నా బల్ల మీద పెట్టి కూర్చోకుండా నిలబడింది.

"సార్, తొమ్మిదికి రాలా."

ఎక్కడో లెక్క తప్పి ఉంటుందన్నాను.

"మూడు తూర్లు చేసినా సార్. మూడు తూర్లూ అదే మిగలతా ఉండాది."

తప్పు చేసేవాళ్ళు మూడుసార్లు మూడు రకాలుగా చేస్తారు. అది నాకు తెలుసు, ఎన్ని జవాబు పత్రాలు దిద్దానో. అయినా నోటుబుక్కు ఇంటికి తీసుకెళ్ళి నాలుగు రోజులు ఆమె తప్పు కోసం వెతికాను. నా ప్రోగ్రాంను ఒక్కనాడు కూడా అంత శ్రద్ధగా చదవలేదు. నాలుగో రోజు చివరి పేజీ తిప్పాక నాకు కోపం వచ్చింది, తప్పు దొరకనందుకు.

డోర్ నంబరు

అప్పుడు ప్రోగ్రాం తెరిచాను.

భిన్నాలతో మిషను నెమ్మదిగా నడుస్తుందని, నేను ఒక తెలివైన పని చేసి ఉన్నాను. అన్ని పదాల హారాలనూ కలిపి, ముందే మొత్తాన్ని దానితో గుణించేశాను. హారాలు పోయాయి. పని వేగంగా సాగింది. ఇబ్బందల్లా, మేము దేనితో భాగించి చూడాలో అది చివరి పదం హారంలోనే కూర్చొని ఉంది. ఒక సంఖ్య ఏడుతో నిశ్శేషంగా తెగుతుందా అని చూసేముందు దాన్ని ఏడుతో గుణించుకున్నట్టు. తెగుతుంది. ఏ సంఖ్య అయినా తెగుతుంది.

నమ్మకం కుదరక, గైడ్ చెప్పిన పనిని ముప్పై ఏళ్ళు ఆలస్యంగా చేశాను. మొత్తానికి మా ఇంటి డోర్ నంబరు కలిపి, ఇప్పుడూ శేషం సున్నాయేనా అని ప్రోగ్రాంను అడిగాను. సరే అంది. నూట తొంభై తొమ్మిది దాకా సరే అంది. డోర్ నంబరు తీసేసి, నేను రోజూ ఎక్కే రైలు నంబరు కలిపాను. దానికీ సరే అంది. ఆ ప్రోగ్రాం పుట్టిన దగ్గర్నుంచీ ఎవరికీ కాదని చెప్పలేదు.

సిగ్గేసింది. ఊహ పోయినందుకు కాదు, ఊహలు పోతూనే ఉంటాయి. ఒక పిల్లను కూర్చోబెట్టి అబద్ధాన్ని నిరూపించమని చెప్పి, నిరూపించలేకపోతే మూడేళ్ళు ఆమెనే అన్నాను.

మర్నాడు ఆమెను కూర్చోమని చెప్పి, నోటుబుక్కులో తప్పు లేదనీ, తప్పు నా ప్రోగ్రాందనీ, అది ఏనాడూ ఏమీ సరిచూడలేదనీ చెప్పాను.

"అయితే నాకు చేతగాక కాదు గదా సార్?"

"కాదమ్మా" అన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఇచ్చిన జవాబుల్లో అంత ఆలస్యంగా ఇచ్చింది ఇంకొకటి లేదు.

అచ్చుతప్పు

మా శాఖాధిపతి మర్యాదస్థుడు. ఎవరికీ ఇబ్బంది లేకుండా పనులు జరగాలని కోరుకునే మనిషి. విషయమంతా విని, ఇందులో ఏముందన్నాడు. పేపరులో బేసి సంఖ్య అన్నచోట ప్రధాన సంఖ్య అని ఉండాలి, అచ్చుతప్పు పడింది అని పత్రికకు ఒక ముక్క రాసేయమన్నాడు. పిల్ల గ్రంథం పేరు కూడా అలాగే మార్చేస్తే, మొదటి నుంచీ ప్రధాన సంఖ్యల మీదే పని చేసినట్టు ఉంటుంది. మూడుకూ ఐదుకూ ఏడుకూ నిజమే గదా.

నిజాయితీగా చెబుతున్నాను, రెండు రోజుల పాటు ఆ సలహా నాకు చాలా నచ్చింది. నా పరువు నిలబడుతుంది, ఆమె గడువు దాటదు. ఇద్దరికీ మంచిదే అనిపించింది. తన మంచి పక్కన ఎదుటివాళ్ళ మంచి కూడా కలిసొస్తే మనిషి ఇంకేమీ ఆలోచించడు.

మూడో రోజు సుగుణకు చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. పరువు గురించి గానీ, న్యాయం గురించి గానీ ఒక్కమాట అనలేదు. లెక్క గురించే మాట్లాడింది.

తొమ్మిది క్యూ రూపంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి తొమ్మిదికి సొంతం, రెండోది మూడు నుంచి వచ్చింది. మా వైపు ఆస్తుల భాషలో చెబితే ఒకటి స్వార్జితం, ఇంకొకటి పిత్రార్జితం. ప్రధాన సంఖ్యలకు స్వార్జితం ఒక్కటే, అందుకే వాటి దగ్గర గొడవ రాలేదు.

"తొమ్మిదిలో సొంత ముక్కకి శేషం సున్నానే సార్" అంది సుగుణ. "మూడు నించి వచ్చిన ముక్క కాడే చెడతా ఉండాది. మనం ప్రధాన సంఖ్యలకే అని రాసేస్తే తొమ్మిది సొంత ముక్క, పదిహేను సొంత ముక్క, అయ్యన్నీ ఎవురు చూస్తారు? నిజం కూడా మూసేసినట్టు అవతాది."

ఆ సాయంత్రం ఆమె మూడేళ్ళ కాగితాలన్నీ తెప్పించుకొని చూశాను. నాలుగు నిరూపణలూ సొంత ముక్కను దాటుకొని వెళ్ళి, రెండో ముక్క దగ్గర ఆగాయి. ఆగింది ఆమెకు పద్ధతులు రాక అని నేను అనుకున్నాను. అక్కడ దారి లేదు. లేని దారిలో నాలుగుసార్లు ఆగిన పిల్లను నేను ముందుకు తోస్తూ ఉన్నాను.

సగాలు అప్పటికే ఆమె దగ్గర ఉన్నాయి కాబట్టి, ఐదు నెలల్లో పూర్తి చేసింది. ఏ బేసి సంఖ్యకైనా సొంత ముక్క వరకు శేషం సున్నా అన్నది ఇప్పుడు ఊహ కాదు, ఆమె సిద్ధాంతం.

పత్రికకు నేను రాసిన సవరణ నాలుగు వాక్యాలు. సరిచూశానని రాసింది నేనేననీ, ప్రోగ్రాం లోపం వల్ల నిజానికి ఏమీ సరిచూడలేదనీ, తొమ్మిది దగ్గర ఊహ తప్పుతుందని నా విద్యార్థిని చేత్తో లెక్కగట్టి చూపిందనీ, నిలబడేదేదో ఆమె గ్రంథంలో ఉందనీ. శాఖాధిపతి నాతో ఒక నెల మాట్లాడలేదు. ఆ నెల పని బాగా సాగింది.

సవరణ వచ్చిన కొన్నాళ్ళకు, దూరదేశం నుంచి నాకు ముఖపరిచయం లేని ఒకాయన ఉత్తరం రాశాడు. ఆయనా నా ఊహ మీద ఒక ఏడాది పెట్టాడట. క్షమించమని జవాబు రాశాను. తిరుగు జవాబులో ఆయన తన పాత తప్పొకటి నాకు చెప్పాడు. అది నా తప్పు కంటే కొంచెం పెద్దది. ఆయన మర్యాదకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

వైవా

గడువుకు పందొమ్మిది రోజుల ముందు గ్రంథం ఇచ్చాం. వైవాకు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నిదానస్థుడు. అంతా విన్నాడు, సిద్ధాంతం బాగుందన్నాడు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ సుగుణను ఒక ప్రశ్న అడిగాడు. తొమ్మిది దగ్గరే తప్పే ఊహ మీద మూడేళ్ళు ఎందుకు పనిచేశావు, ముందే ఒకసారి చేత్తో చూసుకోవాలని తోచలేదా?

న్యాయమైన ప్రశ్నే. గదిలో ఇరవై మంది దాకా ఉన్నారు. శాఖాధిపతి ముందు వరసలో ఉన్నాడు. సుగుణ సుద్దముక్క చేతిలో పట్టుకొని నిలబడింది. నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఆమె పడుతున్న కష్టం నాకు కనబడింది.

"పొరపాటు చేసినా సార్" అంది.

నేను లేచి నిలబడ్డాను. వైవాలో గైడ్ మాట్లాడకూడదు, ఆ నియమం నాకు తెలుసు, ఇంకొకరి వైవాలో అమలు చేశాను కూడా.

"తోచింది" అన్నాను. "మూడో నెలలోనే చేత్తో చూస్తానని అడిగింది. నేను వద్దన్నాను."

పరీక్షకుడు నన్ను కొంచెంసేపు చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో తెలియదు. ఆమెకు డిగ్రీ వచ్చింది. ఆ రోజు సాయంత్రం వాళ్ళ నాన్న ఐస్‌లో పెట్టిన రెండు వంజరం చేపలు తెచ్చి, నా చేతికిచ్చి వెళ్ళాడు. మర్నాడు ఒకటి పెంచలయ్యకు పంపాను. మేత దగ్గర వల విసిరిన సంగతి మళ్ళీ మా మధ్య రాలేదు. నేనే ఒకసారి ఎత్తబోయాను, ఆయన సరే అన్నం తిను అన్నాడు.

పదిహేను

సుగుణ ఇప్పుడు కావలి వైపు ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతోంది. ఆమె గ్రంథం చివరి పేజీలో ఒక ఊహ ఉంది. వారసత్వంగా వచ్చిన ముక్కలు కూడా ఏ షరతు మీద సున్నా శేషం ఇస్తాయో చెప్పే ఊహ. దాని కింద, తొమ్మిదికి చేత్తో చూశాననీ, మిగతా సంఖ్యలకు రెండు వేర్వేరు ప్రోగ్రాంలతో చూశాననీ, ముందుగా వాటికి తప్పుడు లెక్కలు పెడితే రెండూ కాదన్నాయనీ రాసింది. తప్పుడు లెక్కల్లో ఒకటి మా డోర్ నంబరు. నన్ను అడిగే పెట్టింది.

రిటైరయ్యాక నేను చేస్తున్నది ఆ ఊహ మీదే. ఇన్నాళ్ళూ నేను పిల్లలకు ఇచ్చాను, ఇప్పుడు ఒక పిల్ల నాకిచ్చింది. మూడు దారుల్లో మొదలుపెట్టాను. మూడూ ఒకేచోట ఆగాయి. ఆగిన చోటు గురించి నాకిప్పుడు వెనకటికంటే గౌరవం ఎక్కువ.

వారసత్వం తొమ్మిదికి ఒక్క వైపు నుంచే, మూడు నుంచి. పదిహేనుకు రెండు వైపుల నుంచీ వస్తుంది, మూడు నుంచీ ఐదు నుంచీ. చిక్కు ఎక్కడైనా ఉంటే అక్కడే ఉండాలి. గత నెల ఆమెకు ఫోన్ చేశాను. ఊహ ఆమెది కాబట్టి అడగడం పద్ధతి.

"అమ్మా, పదిహేనుకు ఒకసారి చేత్తో చేసి చూడనా? దాని వాటం తెలుస్తుంది."

రెండు ప్రోగ్రాంలు ఎప్పుడో చూసేశాయి, నీ చెయ్యి చూసి కొత్తగా చెప్పేదేంది అని ఆమె అనవచ్చు. అనే హక్కు ఈ లోకంలో ఆమెకొక్కదానికే ఉంది.

"చూడండి సార్" అంది. "రాకపోతే ముందు నాకే చెప్పండి."

ప్రస్తుతం పదకొండో పదం దగ్గర ఉన్నాను. చివరి పదం కలిపి భాగించేదాకా ఏమీ తెలియదు. సరిపోతుందనే నాకు అనిపిస్తోంది. ఆ మాట మాత్రం ఆమెకు చెప్పలేదు.